పోలమ్మ పెట్టిన పేరు

"పదోరోజుకి రానేదు నువ్వు. ఇరవై రెండేళ్లయినాది. నా కడుపు ఇంకా మండతానే ఉన్నాది," అంది అసిరమ్మ.

"మజ్జిగ తాగు," అంది తవిటమ్మ.

"మాయమ్మ పోయే ముందు నీళ్లడగనేదు, మందడగనేదు. నా రెండో కూతురేదే అనడిగినాది."

"రెండో కూతురేటి? చాటడు తవుడిచ్చి పొద్దున్న కొన్నాది. పొద్దుగూకే లోపు తిరిగిచ్చీసినాది. ఒక్కపూట కూతురికి పదోరోజొకటా?"

"ఆ ఒక్కపూట నేకపోతే నువ్వుండీదానివేటే? ఎప్పుడో మట్టిలో కలిసిపోదువు."

"కలిసిపోతే నీ నోరు వినే బాధ తప్పీది."

చుట్టూ కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఫక్కుమన్నారు. సెక్యూరిటీ గార్డు వచ్చి, "మామ్మలూ, ఇది పేర్ల కేంద్రం, వీధి కుళాయి కాదు," అని నెమ్మదిగా చెప్పి వెళ్లాడు. అసిరమ్మ మూతి తిప్పుకుంది. తవిటమ్మ టోకెన్ నంబరు చూసుకుంది. నలభై ఒకటి. బోర్డు మీద ముప్పై ఎనిమిది నడుస్తోంది.

ఇద్దరిదీ నీలమ్మపేటే. అసిరమ్మకి డెబ్భై దాటాయి, తవిటమ్మకి అరవై. తవిటమ్మ తల్లికి ముందు పుట్టిన ముగ్గురు మగబిడ్డలూ పాలు తాగే వయసులోనే పోయారు. నాలుగోది తవిటమ్మ. ఈ పిల్ల కూడా దక్కదేమోనని భయపడి, ఆ రోజుల్లో అందరూ చేసినట్టే చేసింది తల్లి. పొరుగింటి పోలమ్మకి గడప మీదుగా బిడ్డని అందించి, చాటడు తవుడు తీసుకుంది. బిడ్డ పోలమ్మది అయిపోయింది. పేరూ పోలమ్మే పెట్టింది. సాయంత్రం, "నా పిల్లకి పాలిచ్చి పెంచు" అని తిరిగి ఇచ్చింది. చావు ఈ ఇంటి పిల్లని వెతుక్కుంటూ వస్తే ఇక్కడ ఉన్నది పొరుగింటి పిల్ల. వెనక్కి పోతుంది. అదీ లెక్క. ఆ పోలమ్మ సొంత కూతురే అసిరమ్మ.

పోలమ్మ పోయినప్పుడు తవిటమ్మ మొగుడు ఆస్పత్రిలో ఉన్నాడు. పదోరోజుకి వెళ్లలేదు. ఆ తర్వాత మొగుడూ పోయాడు, ఈ గొడవ మాత్రం పోలేదు.

ఈవేళ తవిటమ్మ కొడుకుని, కోడలిని తీసుకొచ్చింది. కొడుకు ఢిల్లేశ్వరరావు, కోడలు హారిక. హారికకి నెలలు నిండాయి. అసిరమ్మ తన మనవరాలు పావనితో వచ్చింది. పావనికి ఆరో నెల. పావని చేతిలో అప్పుడే పచ్చ చీటీ ఉంది. అసిరమ్మ నోరు అంత లేస్తున్నది అందుకే.

ఈ కేంద్రం వచ్చి ఆరేళ్లయింది. అంతకు ముందు పదేళ్లపాటు, పాతకాలం నుంచీ ఉన్న నిద్రగుండె అనే జబ్బు మళ్లీ విజృంభించి పిల్లల్ని పట్టుకుపోయింది. పాలు తాగి పడుకున్న బిడ్డ గుండె నిద్రలోనే ఆగిపోతుంది. రెండేళ్లు నిండితే ఇక భయం లేదు. నిండే లోపు ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలీదు. రక్తంలో కనపడదు, స్కానింగులో కనపడదు. తల్లి వైపునుంచో తండ్రి వైపునుంచో వంశంలో వస్తుందని తెలుసు, ఏ వంశంలో ఉందో తెలీదు. అప్పుడు నామదర్శి అనే మిషను కనిపెట్టారు. జనం దాన్ని పేర్ల మిషను అంటారు. అది వంశంలో అందరి పేర్లూ చదివి, చీటీ ఇస్తుంది.

పచ్చ చీటీ వస్తే బిడ్డ ఇంటికి. ఎర్ర చీటీ వస్తే బిడ్డ గాజు వార్డుకి. రెండేళ్లు అక్కడే. ఛాతీకి బెల్టు కడతారు, గుండె తడబడితే బెల్టు చిన్న షాకు కొట్టి మళ్లీ నడిపిస్తుంది. బెల్టు పనిచెయ్యాలంటే గది గాలి, చప్పుడు, వెలుతురు అన్నీ ఒక్క తీరులో ఉండాలట. అందుకని తల్లి బుధవారం, ఆదివారం అద్దంలోంచి చూడాలి. పాలు సీసాలో పోసి ఇచ్చి రావాలి. ఈ ఆరేళ్లలో గాజు వార్డులో ఒక్క బిడ్డ పోలేదు. అది నిజం. రెండేళ్లయ్యాక బయటికొచ్చిన పిల్లలు తల్లిని చూసి జడుసుకుని, నర్సు వైపు చేతులు చాచేవాళ్లు. అదీ నిజమే. తవిటమ్మ సొంత జీడిపిక్కల షెడ్డులో పనిచేసే గడ్డెమ్మ కూతురు బయటికొచ్చి ఏడాదైంది. ఇప్పటికీ తల్లిని "ఆంటీ" అంటోంది.

నలభై ఒకటి మోగింది.

లోపల గది చిన్నది, చల్లగా ఉంది. మిషను చూడ్డానికి ఏమీ లేదు. బీరువా అంత పెట్టె, ముందు ఒక మైకు, పక్కన తెర. అబద్ధం చెబితే గొంతులో వచ్చే తేడాని పట్టి కీచుమంటుందని అందరికీ తెలుసు. కుర్చీలో డాక్టర్ కుముదిని కూర్చుంది. ఈ మిషను తయారుచేసిన ముగ్గురిలో ఆమె ఒకరు. నెలకి వారం రోజులు ఇక్కడికి వస్తుంది.

"మీ పేరు?"

"తవిటమ్మ."

డాక్టర్ కలం ఆగింది. తెర మీద తవిటమ్మ పేరు చుట్టూ ఎర్రగా గీత పడింది.

"అదేటి? ఒక్క పేరు సెప్తేనే?" అన్నాడు ఢిల్లేశ్వరరావు.

"ఒక్క పేరు చాలు బాబూ," అంది డాక్టర్. "బిడ్డలు పోయారని వెనకటి రోజుల్లో ఎవరూ కాగితం మీద రాయలేదు. ఇంట్లో పుట్టారు, ఇంట్లో పోయారు. కానీ తర్వాత పుట్టిన బిడ్డ పేరులో తల్లులు ఆ సంగతి దాచిపెట్టారు. తవిటమ్మ, పెంటయ్య, బిచ్చమ్మ. ఇలాంటి పేరు ఉందంటే దాని వెనకాల ఒక చిన్న గొయ్యి ఉంది. మన దగ్గరే కాదు. టర్కీలో దుర్సున్ అని పెడతారు, ఉండిపోనీ అని. ఆఫ్రికాలో యొరుబా వాళ్లు కొకుమో అంటారు, ఇక చావడు అని. చైనాలో గౌషెంగ్, కుక్క తినగా మిగిలింది అని. మంగోలియాలో నెర్గుయ్ అంటే అసలు పేరే లేదని. ఒకళ్ల సంగతి ఒకళ్లకి తెలీదు, అందరూ ఒకే పని చేశారు. మా మిషను ఊరూరా వోటరు లిస్టులు, భూమి కాగితాలు, రేషన్ కార్డులు చదివింది. ఆ పేర్లున్న వంశాల్లోనే నిద్రగుండె ఉంది. పదిలో తొమ్మిదిసార్లు కరెక్టు."

"ఆ పదోదో?" అంది తవిటమ్మ.

"పదోసారి ఊరికే వార్డులో ఉంటుంది బిడ్డ. నష్టం లేదు."

హారిక పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని కూర్చుంది.

"మీకు ముందు పుట్టినవాళ్లు ఎలా పోయారు?" అని అడిగింది డాక్టర్.

మైకు మీద చిన్న దీపం వెలిగింది. తవిటమ్మ దాన్ని చూసింది.

"నానప్పుడికి పుట్టనేదు కద డాట్రమ్మా. నానేటి సూసినాను?"

మిషను కీచుమనలేదు. డాక్టర్ చిన్నగా నవ్వింది. "సరే. కానీ చీటీ ఎరుపే. జామీను కట్టి, బాధ్యత మాదే అని రాసిచ్చి ఇంటికి తీసుకుపోవచ్చు. అది చాలా ఎక్కువ. ఉన్నదంతా అమ్ముకోవాలి. అమ్మినా బిడ్డకి ప్రమాదం పోదు. నా మాట వినండి, వార్డులో ఉంచండి."

"షెడ్డు అమ్మితే తినడానికేటుంటాది?" అని గొణిగాడు ఢిల్లేశ్వరరావు.

డాక్టర్ ఫారం నింపుతోంది. "మీ పేరు పెట్టింది ఎవరు? మీ అమ్మగారేనా?"

"కాదు. పోలమ్మ."

"ఎవరావిడ?"

"పొరుగింటావిడ. పోలమ్మ పెడితే ఏటవుతాది?"

డాక్టర్ తలెత్తింది. "భయపడ్డ తల్లే అలాంటి పేరు పెడుతుంది. అందుకని పేరు ఎవరు పెడితే ఆ వంశానికే మిషను గుర్తు వేస్తుంది. మామూలుగా కన్నతల్లో, ఇంట్లో ముసలమ్మో పెడతారు కాబట్టి తేడా రాదు. మీ అమ్మగారు పెట్టలేదని సాక్ష్యం ఉందా?"

తవిటమ్మ లేచి నిలబడింది. "బయటే ఉన్నాది సాక్ష్యం. మూతి తిప్పుకుని కూకున్నాది."

హాల్లోకి వచ్చి అసిరమ్మ ముందు నిలబడింది. "లెగు. లోపలికొచ్చి ఒక్క మాట సెప్పు. నా పేరు మీయమ్మే పెట్టినాదని."

"నిజమే కద. ఎందుకు సెప్పాలి?"

"నా మనవడు ఇంటికి రావాలంటే సెప్పాలి."

అసిరమ్మ కుర్చీలో వెనక్కి జారి కూర్చుంది. ఇరవై రెండేళ్లుగా ఈ అవకాశం కోసమే బతికున్నట్టు ఆమె మొహం వెలిగింది. "సెప్తాను. ముందు నువ్వు సెప్పు. పోలమ్మ నీకేటవుతాది?"

"ఒలే, టైము నేదు."

"నాకు బోలెడున్నాది. అందరికీ వినపడేలాగ సెప్పు."

హాలంతా ఇటే చూస్తోంది. తవిటమ్మ ఒకసారి తలుపు వైపు చూసింది. అద్దంలోంచి కోడలు కనపడుతోంది.

"పోలమ్మ మాయమ్మ," అంది. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది.

"మరి నాను?"

"నువ్వు నాకు అప్పవి. సాలా? కాళ్లు కూడా కడగాలా?"

"అక్కర్నేదు, తడుస్తాయి," అంటూ అసిరమ్మ చెయ్యి చాచింది. తవిటమ్మ పట్టుకుని లేపింది.

మైకు ముందు అసిరమ్మ గొంతు సవరించుకుని, తన తల్లి పోలమ్మే ఈ పిల్లకి ఆ పేరు పెట్టిందని, పక్కనే నిలబడి తాను కళ్లారా చూశానని, అప్పటికి తనకి పదేళ్లని చెప్పింది. మిషను కిక్కురుమనలేదు. అన్నీ నిజాలే. తవిటమ్మ పేరు చుట్టూ ఉన్న ఎర్రగీత తెర మీద చెరిగిపోయింది. ఢిల్లేశ్వరరావు వైపు, హారిక వైపు పేర్లన్నీ మెల్లగా పచ్చబడ్డాయి.

బయట ఇంకా ఇరవై టోకెన్లున్నాయి. అయినా డాక్టర్ ఆ తెర వైపే కాసేపు చూసింది. "పేరు ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదమ్మా," అంది, తనలో తాను అనుకున్నట్టు.

అసిరమ్మ అప్పటికే తలుపు దాటింది. తవిటమ్మకి ఆ మాట వినపడింది. విననట్టే పచ్చ చీటీ నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

పది రోజులకి హారికకి మగపిల్లాడు పుట్టాడు. కాన్పునాడు మళ్లీ సరిచూసి, పచ్చ చీటీ ఖాయం చేశారు. బిడ్డ ఇంటికొచ్చాడు. పచ్చ చీటీ పిల్లలకి బెల్టు ఇవ్వరు. అవసరం లేదు కదా.

తవిటమ్మ మిషన్లని నమ్మే మనిషి కాదు. షెడ్డులో పిక్కలు కొట్టే మిషను చెడిపోతే చెప్పుతో కొట్టి నడిపిస్తుంది. అయినా బిడ్డ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఆమెకొక అలవాటు పట్టుకుంది. వాడు పడుకుంటే ముక్కు కింద వేలు పెట్టి చూడ్డం. ఊపిరి తగిలేదాకా వేలు తియ్యదు. రోజుకి పదిసార్లు, తర్వాత ఇరవై సార్లు. షెడ్డుకి వెళ్లడం తగ్గించేసింది. "అత్తా, ఆడ్ని లేపీకు," అని హారిక విసుక్కునేది. ముగ్గురన్నలూ ఎలా పోయారో తల్లి చెప్పిన మాటలు ఎన్నడూ లేనిది ఇప్పుడు గుర్తొస్తున్నాయి. పాలు తాగి పడుకున్నారట. లేపితే లేవలేదట. ముగ్గురిదీ ఒకటే తీరు.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం వేలికి ఊపిరి తగల్లేదు.

తవిటమ్మ ఆగింది. ఇంకా ఆగింది. పెదాల చుట్టూ నీలం కమ్ముకుంటోంది. కేక వెయ్యలేదు. రెండు కాళ్లూ పట్టుకుని తలకిందులుగా ఎత్తి అరికాళ్ల మీద టపటపా కొట్టింది. మూడో దెబ్బకి వాడు గుక్కపట్టి ఏడ్చాడు. వంటింట్లోంచి హారిక పరిగెత్తుకొచ్చి, "ఎందుకు కొట్టినావు అత్తా గుంటడ్ని!" అని లాక్కుంది. తవిటమ్మ వంగి, కోడలి చేతుల్లో ఉన్నవాడి ముక్కు కింద మళ్లీ వేలు పెట్టింది.

ఆ వారంలోనే అసిరమ్మ షెడ్డుకి వచ్చింది. పిలవకుండా వచ్చి, పిక్కల బస్తా మీద కూర్చుంది. నోరు లేవలేదు. తవిటమ్మ తూకం ఆపి చూసింది.

"పావనికి ఆడపిల్ల పుట్టినాది," అంది అసిరమ్మ. "ఎరుపొచ్చినాది."

"పచ్చ చీటీ కద?"

"అప్పుడు పచ్చ. కాన్పునాడు సూసినారు. పోలమ్మ భయపడి పేరు పెట్టిందట, మా వంశంలో పిల్లలు పోయారట. మాయమ్మకి నానొక్కర్తినే కదే. ఎవులు పోయినారు? ఎన్ని సెప్పినా వినరు. నా మాటే సాక్ష్యమట. పురిటి గదిలోంచే పట్టుకుపోనారు. పావని ఒక్కసారి పాలు కూడా ఇవ్వనేదు."

మిషన్లు ఆపేశారు పనివాళ్లు.

"నీకు తెలుసునా?" అని అడిగింది అసిరమ్మ.

ఇక్కడ మైకు లేదు. అయినా తవిటమ్మ అబద్ధం చెప్పలేదు. "ఆ డాట్రమ్మ ఒక మాటన్నాది. నాను ఇన్నాను. ఊరుకున్నాను."

అసిరమ్మ తిట్టలేదు. బస్తా పట్టుకుని లేచి, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే తవిటమ్మ కేంద్రానికి వెళ్లింది. టోకెన్ తీసుకోలేదు. గార్డు ఆపబోతే పక్కకి నెట్టి డాక్టర్ గదిలోకి దూరింది. తవుడు, చాట, గడప, సాయంత్రం తిరిగివ్వడం, ముగ్గురన్నలు లేవకపోవడం, వేలికి ఊపిరి తగలకపోవడం, అంతా మైకు ముందు నిలబడి చెప్పింది. మిషను ఒక్కసారీ కీచుమనలేదు.

డాక్టర్ కలం కింద పెట్టింది. "కొనుక్కున్న తల్లి పేరు పెడుతుందా?" అంది. "ఇది మాకెవరూ చెప్పలేదు."

"మీరెవులూ అడగనేదు. ఇప్పుడు సెప్పినాను కద. మావోడ్ని పట్టుకుపోండి, బెల్టు కట్టండి. ఆ పావని గుంటని ఒగ్గీండి. ఆ పేరు మాది, మాకు ఇచ్చీండి."

"మీ వంశానికి ఎరుపు వెయ్యగలను. ఇప్పుడే వేస్తాను. మీ మనవడిని ఈవేళే తీసుకురండి." డాక్టర్ తెర వైపు చూస్తూ ఆగింది. "వాళ్ల ఎరుపు తియ్యలేను."

"ఏం?"

"జనం ఎరుపు చెరిపించుకోడానికి వస్తారని, మేమే అలా కట్టాం దాన్ని. సాక్ష్యం అబద్ధమైతే కొట్టేస్తుంది. అసిరమ్మగారు చెప్పింది అబద్ధం కాదు. నిజాన్ని కొట్టేసే దారి దానికి లేదు."

"మీరు కట్టినదే కద?"

"మేం కట్టిందే." డాక్టర్ ఒక మీట నొక్కింది. తెర మీద టౌను మొత్తం కనపడింది. వీధి వీధికీ ఇళ్లు, ఇంటికొక చుక్క. "మీరు వెళ్లాక మూడు నెలల్లో నాలుగొందల మంది వచ్చారు. మా పేరు మా అమ్మ పెట్టలేదు, పొరుగావిడ పెట్టింది అని. అందరూ సాక్షుల్ని తెచ్చారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక్కో పొరుగావిడ పేరుతో ఆవిడ వంశంలో ఇళ్లన్నీ ఎర్రబడ్డాయి. నేను అనుకున్నాను, ఈ ఊళ్లో పెద్దవాళ్లకి జ్ఞాపకశక్తి బాగుందని."

"హాల్లో అందరూ మా గొడవ ఇన్నారు," అంది తవిటమ్మ.

చుక్కల్లో పచ్చవి అక్కడొకటీ ఇక్కడొకటీ ఉన్నాయి. మిగతాదంతా ఎరుపే. కిటికీలోంచి చూస్తే గాజు వార్డు వెనకాల కొత్త షెడ్లు లేస్తున్నాయి. క్రేను ఇనప దూలం ఎత్తుతోంది.

"ఇందులో నిజంగా జబ్బున్న ఇళ్లేవి?" అని అడిగింది తవిటమ్మ.

"ఇంతకు ముందు తెలిసేది," అంది డాక్టర్.

ఆ సాయంత్రం ఢిల్లేశ్వరరావు కొడుకుని ఎత్తుకొచ్చి వార్డు నర్సుకి ఇచ్చాడు. హారిక అద్దానికి నుదురు ఆనించి నిలబడింది. బిడ్డ ఛాతీకి బెల్టు కట్టారు. అయిదో రోజున అది ఒకసారి కొట్టింది. వాడు ఉలిక్కిపడి, మళ్లీ ఊపిరి తీసుకున్నాడు. తవిటమ్మ ఆదివారం వెళ్లినప్పుడు నర్సు చెప్పింది. వాడి పక్క తొట్లోనే పావని కూతురు. దాని బెల్టు ఒక్కసారీ కొట్టలేదు. అది ఊరికే పైకప్పు చూస్తూ పడుకునుంది. ఏడిస్తే ఎత్తుకునేవాళ్లు లేరని అప్పటికే తెలిసిపోయినట్టు ఏడవడం మానేసింది.

బెంచీ మీద ఒక కొసన అసిరమ్మ కూర్చుంది. తవిటమ్మ రెండో కొసన కూర్చుంది. తవిటమ్మే అంది, "తిట్టు. ఏదోటి తిట్టు."

"ఓపిక నేదు," అంది అసిరమ్మ.

తవిటమ్మకి ఆ మాట పదోరోజు గొడవ మొత్తం కంటే బరువుగా తగిలింది.

నెల తిరక్కుండా షెడ్డు అమ్మేసింది. నాలుగు మిషన్లు, తూకం కాటా, రేకులు అన్నీ. కొడుకు అడ్డం పడ్డాడు. "మనోడ్ని తెచ్చుకోడానికైనా కాదు, ఎవులో పిల్లకా?" అన్నాడు. "మనోడు అక్కడే ఉండాల. ఆ గుంట ఉండకూడదు," అంది తవిటమ్మ. "తిండికేటి?" అన్నాడు. "ఇంకొకడి షెడ్డులో పిక్కలు కొడతాను. చేతులున్నాయి," అంది.

జామీను కౌంటరు దగ్గర గుమస్తా ఫారం చదివి వినిపించాడు. బిడ్డకి ఇంట్లో ఏమైనా అయితే కేంద్రానికి సంబంధం లేదు, బెల్టు ఇవ్వబడదు. తవిటమ్మ తలూపింది.

"బిడ్డ తల్లి సంతకం ఉంది. కట్టేది మీరు. బిడ్డకి ఏమవుతారు?"

"ఆ గుంట తల్లికి చిన్నమామ్మని."

"ఏ వైపు?"

"పోలమ్మ వైపు. రెండో కూతుర్ని."

గుమస్తా రాసుకున్నాడు. తవిటమ్మ వేలిముద్ర వేసింది. సంచీలోంచి కట్టలు తీసి కౌంటరు మీద పెట్టింది. ఆయన రెండుసార్లు లెక్కపెట్టి, చిల్లర సరిచూసి, రసీదు మీద గట్టిగా స్టాంపు గుద్దాడు. రెండు లక్షల పదిహేడు వేల నాలుగు వందల అరవై రూపాయలు.